ప్లేటు మీద 290 లీటర్లు, వచ్చేది సగం కూడా లేదు. మిగతా గాలి ఎటు పోతోంది?

గాలిమర_7
రెండు సిలిండర్ల పిస్టన్ కంప్రెసర్. సింగిల్ స్టేజి, బెల్ట్ డ్రైవ్, 160 లీటర్ల ట్యాంకు. పాతది కొన్నాను. హెడ్ విప్పి సర్వీసు చేయించానని అమ్మినాయన చెప్పాడు. ప్లేటు మీద నిమిషానికి 290 లీటర్లు అని ఉంది. నా ఎయిర్ గ్రైండర్‌కి 180 చాలు. అంటే ఇంకా 110 మిగలాలి. మిగలడం మాట దేవుడెరుగు, మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ముల్లు మాత్రం 6 బార్ నుంచి మెల్లగా జారి పది నిమిషాలకల్లా 5 దగ్గరికి వచ్చేస్తుంది. గ్రైండర్ గొంతు మారిపోతుంది, కాస్త గట్టిగా ఆనిస్తే డిస్కు ఆగిపోతుంది.

స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. గాలి ఏమీ వాడకుండా 6 నుంచి 8 బార్‌కి ఎక్కడానికి 2 నిమిషాల 25 సెకన్లు పట్టింది. ఇది మామూలేనా, లేక ప్లేటు మీద అబద్ధం కొట్టారా?

పదోనంబర్_పానా
ప్లేటు అబద్ధం చెప్పదు. సగం నిజం చెబుతుంది.

సైలెన్సర్_లేదు
అమ్మినాయన కూడా అంతే 😄

లెక్కలమాస్టారు
ఆ సగం నిజం ఏంటంటే, 290 అనేది పిస్టన్ ఊడ్చే చోటు. బోరు, స్ట్రోకు, ఆర్పీఎం గుణిస్తే వచ్చే అంకె. అంత చోటూ కొత్త గాలితో నిండుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. నిజంగా బయటికొచ్చే గాలిని, బయటి వాతావరణపు ఒత్తిడి, ఉష్ణోగ్రతల దగ్గరికి మార్చి చెబితే అది ఫ్రీ ఎయిర్ డెలివరీ. రెండో అంకెని మొదటిదానితో భాగిస్తే వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ, మనం పిలుచుకునే వీఈ. కంప్రెసర్లు కొనేటప్పుడు ఐఎస్ఓ 1217 ప్రకారం కొలిచిన డెలివరీ అడగాలి, ప్లేటు మీది డిస్‌ప్లేస్‌మెంట్ కాదు.

బోరు, స్ట్రోకు ఎంతో చెప్పండి.

గాలిమర_7
బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు 46. ప్లేటు మీద 950 ఆర్పీఎం.

లెక్కలమాస్టారు
అయితే ఒక్కో సిలిండరు 152.6 సీసీ, రెండూ కలిపి 305. దాన్ని 950తో గుణిస్తే 290 లీటర్లు. ప్లేటు లెక్క సరిపోయింది.

ఇప్పుడు మీ స్టాప్‌వాచ్ లెక్క. 160 లీటర్ల ట్యాంకులో 2 బార్ పెరిగింది అంటే 320. దాన్ని బయటి ఒత్తిడి 1.013తో భాగిస్తే 316 లీటర్ల మామూలు గాలి లోపలికి పోయినట్టు. 145 సెకన్లలో పోయింది కాబట్టి నిమిషానికి 131 లీటర్లు. 290కి 131, అంటే 45 శాతం.

180 తాగే గ్రైండర్‌కి 131 పోస్తే ఏమవుతుందో మీరు చూస్తూనే ఉన్నారు.

పాతడీజిల్
45 శాతమా! సగానికి పైగా కరెంటు బిల్లు గాలికి పోతున్నట్టేగా. అక్షరాలా.

రెంచిరాణి
పాతడీజిల్ గారూ, అక్కడే అందరూ పొరబడతారు. వీఈ తక్కువైతే కరెంటు దండగ అని లేదు. అది సిలిండరు ఎంత నిండిందో చెప్పే అంకె, ఎంత పొదుపుగా నడుస్తోందో చెప్పే అంకె కాదు. గాలి ఎందుకు తగ్గిందన్న దాన్ని బట్టి కరెంటు సంగతి. దాని గురించి తర్వాత రాస్తా, డ్యూటీలో ఉన్నా.

సబ్బునీళ్లు
మాస్టారు లెక్కలో రెండు అంకెలు నమ్మకం మీద వేసుకున్నారు. ట్యాంకు నిజంగా 160 లీటర్లు ఖాళీగా ఉందా? పంపు నిజంగా 950 తిరుగుతోందా? గాలిమరా, అడుగున డ్రెయిన్ కాక్ చివరిసారి ఎప్పుడు విప్పావు?

గాలిమర_7
డ్రెయిన్ కాక్ ఉందా?

సబ్బునీళ్లు
😐

పదోనంబర్_పానా
ఈ థ్రెడ్ ఇక్కడే ముగించి అతణ్ణి ముందు ట్యాంకు కిందికి పంపండి. ఒత్తిడి మొత్తం దించాకే విప్పు తమ్ముడూ. నీళ్లు అడుగున చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. ట్యాంకు పేలడం అనేది జోకు కాదు.

గాలిమర_7
విప్పాను. బకెట్ పెట్టి కొలిచాను, 9 లీటర్లు! టీ రంగులో ఉన్నాయి, పైన నూనె తెట్టు. చివర్లో తుప్పు పొరలు కూడా కొన్ని వచ్చాయి. పక్కింటాయన దగ్గర లైటు కొట్టి ఆర్పీఎం చూపించే మీటరు ఉంటే తెచ్చి పెట్టాను. ట్యాంకు నిండుతుండగా 880 చూపించింది. బెల్టు లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది, జారుతోందేమో.

లెక్కలమాస్టారు
తుప్పు పొరలు వచ్చాయంటే ట్యాంకు మందం కొలిపించి, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూడడం) చేయించండి. దాన్ని వాయిదా వేయొద్దు.

లెక్క మళ్లీ. గాలికి దొరికిన చోటు 151 లీటర్లే కాబట్టి పోయింది 298 లీటర్లు, నిమిషానికి 123. పిస్టన్ ఊడ్చింది 305 సీసీ, 880 సార్లు, అంటే 269 లీటర్లు. 123ని 269తో భాగిస్తే 46 శాతం. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

సైలెన్సర్_లేదు
ఇంత కష్టపడి 45ని 46 చేశారు. మాస్టారికి చప్పట్లు.

చిన్నపిస్టన్
నాకో బేసిక్ డౌటు. లీకు ఏమీ లేని కొత్త కంప్రెసర్ అయినా 100 శాతం ఎందుకు రాదు? పిస్టన్ కిందికి పోతే చోటంతా నిండాల్సిందే కదా.

రెంచిరాణి
చిన్నపిస్టన్, సైకిల్‌కి చేతి పంపుతో గాలి కొట్టావా ఎప్పుడైనా? టైరు బాగా గట్టిపడ్డాక హ్యాండిల్ అడుగు దాకా నొక్కి చెయ్యి వదులు. హ్యాండిల్ దానంతటదే కొంచెం పైకి లేస్తుంది. ఎందుకు? టైర్లోకి పోకుండా పంపు అడుగున మిగిలిన చిటికెడు గాలి మళ్లీ వ్యాకోచించి పైకి తోస్తుంది. అది పూర్తిగా సాగి, బయటి ఒత్తిడికి దిగేదాకా బయటి గాలి ఒక్క చుక్క కూడా లోపలికి రాదు.

కంప్రెసర్‌లోనూ అంతే. పిస్టన్ హెడ్‌ని తగలకూడదు కాబట్టి పైన కొంత ఖాళీ వదులుతారు, వాల్వుల గూళ్లలో కూడా కొంత ఉంటుంది. అదే క్లియరెన్స్. ఆ ఖాళీలో 8 బార్ గాలి ఇరుక్కుపోతుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ముందు ఆ పాత గాలి సాగాలి, తర్వాతే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునేది.

పాతడీజిల్ గారి ప్రశ్నకి జవాబు కూడా ఆ హ్యాండిల్‌లోనే ఉంది. పైకి లేచింది చూడండి, అది పంపు మీకు తిరిగిస్తున్న పని. క్లియరెన్స్‌లోని గాలి నొక్కించుకున్నప్పుడు తీసుకున్న పనిని సాగేటప్పుడు దాదాపుగా పిస్టన్‌కి తిరిగిచ్చేస్తుంది. అందుకే క్లియరెన్స్ వల్ల వీఈ పడిపోతే గాలి తగ్గుతుంది, దాంతోపాటు కరెంటు కూడా తగ్గుతుంది. కిలో గాలికి ఖర్చు పెద్దగా మారదు. బేరింగులు, రింగుల రాపిడి మాత్రం అంతే ఉంటుంది కాబట్టి కొద్దిగా నష్టం, అంతే.

పాతడీజిల్
బాగుంది. మరి లీకు వల్ల పడిపోతే?

రెంచిరాణి
లీకైతే చిల్లి కుండే. నొక్కిన గాలి వెనక్కి జారిపోతుంది, పెట్టిన పని అంతా వేడిగా మారుతుంది, ఒక్క పైసా తిరిగి రాదు. అందుకే ముందు "ఎంత శాతం" అని కాదు, "ఏ కారణం" అని అడగాలి.

ఇంకో మాట. నేను గ్యాస్ పైప్‌లైన్ కంప్రెసర్ల మీద పనిచేశాను. అక్కడ సిలిండరు చివర క్లియరెన్స్ పాకెట్ అని ఒక అదనపు ఖాళీ ఉంటుంది. డిమాండ్ తగ్గినప్పుడు మేమే దాన్ని తెరిచేవాళ్లం. కావాలనే వీఈ పాడు చేసి గ్యాస్ తగ్గించడం అన్నమాట. మోటారు లోడు కూడా దానితోపాటే దిగేది.

సైలెన్సర్_లేదు
మనిషికి కూడా ఉందిది. మామూలుగా ఊపిరి తీసుకుంటే 500 మిల్లీలీటర్లు పోతే, అందులో దాదాపు 150 శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తుల అసలు గదుల దాకా పోదు. అంటే నా వీఈ 70. గాలిమర కంప్రెసర్ కంటే నేనే నయం.

లెక్కలమాస్టారు
సైలెన్సర్ గారి పోలిక పూర్తిగా కుదరదు, అక్కడ గాలి సాగడం లేదు. కానీ "ముందు పాత గాలి వెనక్కొస్తుంది" అన్నంత వరకు ఒప్పుకోవచ్చు.

చిన్నపిస్టన్ కోసం సూత్రం కూడా పెడతాను, ఒక్కసారి చూస్తే చాలు:

వీఈ = 1 + క్లియరెన్స్ − క్లియరెన్స్ × (ఒత్తిడి నిష్పత్తి)^(1/ఎన్)

క్లియరెన్స్ అంటే పిస్టన్ ఊడ్చే చోటులో ఆ ఖాళీ ఎంత వంతో అది. ఒత్తిడి నిష్పత్తి అంటే బయటికి తోసే ఒత్తిడిని లోపలికొచ్చే ఒత్తిడితో భాగిస్తే వచ్చేది. ఎన్ అంటే గాలి నలిగేటప్పుడు, సాగేటప్పుడు ఒత్తిడి ఎంత చురుగ్గా మారుతుందో చెప్పే అంకె, 1.3 అనుకుందాం. గేజి 7 బార్ అంటే అసలు ఒత్తిడి 8, కాబట్టి నిష్పత్తి సుమారు 8. 8ని 1/1.3 ఘాతానికి ఎత్తితే 4.95. క్లియరెన్స్ 5 శాతం ఉంటే వీఈ 80 శాతం. 10 శాతం ఉంటే 60కి పడిపోతుంది. ఇక నిష్పత్తిని 16 చేసి చూడండి: 5 శాతం క్లియరెన్స్‌తోనే 63. ఇంకా పైకి పోతే, 52 దగ్గర సున్నా. పిస్టన్ తిరుగుతూనే ఉంటుంది, ఉన్న గాలే నలుగుతూ సాగుతూ ఉంటుంది, కొత్తది రాదు, పాతది పోదు.

ఎక్కువ ఒత్తిడికి రెండు స్టేజీలు పెట్టేది ఇందుకు కూడా. 8 నిష్పత్తిని ఒక్కోటి 2.83 చొప్పున రెండుగా పంచితే మొదటి స్టేజీ వీఈ 94కి వెళ్తుంది, మధ్యలో గాలిని చల్లార్చితే పని కూడా మిగులుతుంది.

ఇదంతా ఆదర్శం. వాల్వు దగ్గర ఒత్తిడి నష్టం, వేడి సిలిండరు గోడ తగిలి లోపలికొచ్చే గాలి ఉబ్బడం, రింగుల పక్కనుంచి కొంచెం జారడం, ఇవన్నీ పోగా ఇలాంటి చిన్న మెషీన్‌కి 65–70 వస్తే చాలా బాగున్నట్టు. 46 మాత్రం జబ్బే.

చిన్నపిస్టన్
ఆగండి మాస్టారూ. పెట్రోల్ ఇంజన్ కంప్రెషన్ రేషియో 10 అయితే క్లియరెన్స్ 11 శాతం వస్తుంది. మీ సూత్రం ప్రకారం అది కుప్పకూలాలి. కానీ ఇంజన్లకి వీఈ 80, 90 అంటారు. ఎలా?

ఈసీయూ_పిచ్చోడు
మంచి ప్రశ్న. ఇంజన్ క్లియరెన్స్‌లో మిగిలేది 8 బార్ గాలి కాదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని పొగ పోయాక అక్కడ ఉండేది దాదాపు వాతావరణపు ఒత్తిడే. ఫుల్ థ్రాటిల్‌లో మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) కూడా అంతే ఒత్తిడిలో ఉంటుంది. నిష్పత్తి 1 అయితే సాగడానికేముంది? ఆ సూత్రంలో 1 పెట్టి చూడు, క్లియరెన్స్ ఎంతైనా జవాబు 100.

అదే ఐడిల్‌లో చూడు. థ్రాటిల్ మూసి ఉంటే మానిఫోల్డ్‌లో 0.3, 0.4 బార్ ఉంటుంది, సిలిండర్లో మిగిలిన పొగ 1 బార్. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే పొగే మానిఫోల్డ్‌లోకి ఎగదన్నుతుంది. వాల్వులు రెండూ ఎక్కువసేపు కలిసి తెరుచుకుని ఉండే కామ్‌లు (వాల్వుల్ని తెరిచే గుబ్బలు) వేసిన బళ్లు ఐడిల్‌లో గుర్రంలా కుదిపేది దీనికే.

పాతడీజిల్
డీజిల్‌కి థ్రాటిల్ గొడవే లేదు కాబట్టి ఎప్పుడూ నిండుగానే పీలుస్తుంది. చెప్పకుండా ఉండలేకపోయా.

బైకుభక్తుడు
మా కారులో ఓబీడీ (ఇంజన్ సెన్సార్ల అంకెలు చదివే పరికరం) పెట్టి చూశా. 1197 సీసీ, 5500 ఆర్పీఎం, ఫుల్ థ్రాటిల్, గాలి 52 గ్రాములు/సెకను. నా లెక్కలో 80 శాతం వచ్చింది, సరేనా? టర్బో ఉన్న ఫ్రెండ్ కారుకి 150 వచ్చింది. 100 దాటడం ఏంటి, సెన్సార్ పోయిందా?

ఈసీయూ_పిచ్చోడు
ఫోర్‌స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారే పీలుస్తుంది. 1.197 × 2750, దాన్ని 60తో భాగిస్తే సెకనుకి 54.9 లీటర్లు. లీటరుకి 1.184 గ్రాములు వేసుకుంటే 65 గ్రాములు, 52ని దానితో భాగిస్తే 80 శాతం. నువ్వు వేసుకున్న సాంద్రత 25 డిగ్రీలది. ఆ రోజు గాలి ఎంత వేడిగా ఉంది?

బైకుభక్తుడు
ఇన్‌టేక్ టెంపరేచర్ 38 చూపించింది.

ఈసీయూ_పిచ్చోడు
అప్పుడు సాంద్రత 1.135, పట్టాల్సింది 62.3 గ్రాములు, వీఈ 83.5. ఇంజన్ అదే, అంకె మారింది. వీఈ ఎవరైనా చెబితే ముందు "దేంతో పోల్చి" అని అడుగు. మీ ఫ్రెండ్ టర్బోకి బయటి గాలితో పోలిస్తే 150, మానిఫోల్డ్‌లోని నొక్కిన గాలితో పోలిస్తే మామూలు ఇంజన్‌లా 90 చుట్టుపక్కల వస్తుంది. రెండూ కరెక్టే.

కొండెక్కినా ఇదే కథ. 2000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం కంటే 18 శాతం తక్కువ. అక్కడి గాలితో పోలిస్తే వీఈ దాదాపు మారదు, పవర్ మాత్రం దిగిపోతుంది.

పదోనంబర్_పానా
టర్బో లేకుండా 100 దాటిందనే వాళ్లని మాత్రం నేను నమ్మను. వాతావరణం తోసినంతే లోపలికి పోతుంది. అంతకన్నా ఎక్కువ ఎవడు తోస్తాడు?

ఈసీయూ_పిచ్చోడు
గాలే తోస్తుంది అన్నా. గొట్టంలో పరిగెడుతున్న గాలికి బరువుంది. పిస్టన్ అడుగుకి చేరి పైకి తిరిగినా, గాలి ఊపులో ఇంకా లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. అందుకే ఇన్‌టేక్ వాల్వుని పిస్టన్ అడుగు దాటాక క్రాంకు ఇంకో 40–60 డిగ్రీలు తిరిగేదాకా తెరిచే ఉంచుతారు. దానికి తోడు పీల్చుడు వల్ల పుట్టిన ఒత్తిడి అల గొట్టం చివర తగిలి వెనక్కొస్తుంది. ఆ అల వాల్వు మూసుకునే ముందు సరిగ్గా వచ్చిందా, 100 దాటుతుంది. రేసు ఇంజన్లలో 110 పైన కూడా మామూలే. కాకపోతే ఒక ఆర్పీఎం చుట్టూనే. దాటితే అల వేళ తప్పుతుంది.

1960లో క్రైస్లర్ 300ఎఫ్‌లో ఇన్‌టేక్ గొట్టాలు 30 అంగుళాలు పెట్టింది, ఇంజన్‌కి అటూఇటూ పాకేంత. మధ్య ఆర్పీఎంలో టార్క్ కోసం. గొట్టం పొట్టిదైతే ఆ లాభం పై ఆర్పీఎంకి జరుగుతుంది. 1989లో హోండా వీటెక్ అన్నది కూడా ఇలాంటి బాధకే మందు: తక్కువ వేగానికి ఒక కామ్, ఎక్కువ వేగానికి ఇంకో కామ్. 1.6 లీటర్ల నుంచి టర్బో లేకుండా 160 హార్స్‌పవర్ తీశారు, 7600 ఆర్పీఎం దగ్గర.

పదోనంబర్_పానా
సరే, అల సంగతి ఒప్పుకున్నా. రేసు బళ్ల వరకే.

ఈసీయూ_పిచ్చోడు
చాలు అన్నా, అదే పెద్ద విజయం 🙏

రెంచిరాణి
నా మొదటి మాటకి ఇంజన్ల నుంచే ఇంకో సాక్ష్యం. 1997లో వచ్చిన టొయోటా ప్రియస్‌లో అట్కిన్సన్ పద్ధతి ఇంజన్. ఇన్‌టేక్ వాల్వుని కావాలనే చాలా లేటుగా మూస్తారు, పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. వీఈ తగ్గింది, పవర్ తగ్గింది, మైలేజీ పెరిగింది. వీఈ అంటే పొదుపు అనుకునేవాళ్లు దీనికేమంటారు?

పాతడీజిల్
ఏమీ అనను తల్లీ. ఓడిపోయాను.

బైకుభక్తుడు
సీఎన్‌జీ వేయించాక బండి నీరసపడేది కూడా వీఈ వల్లేనా?

లెక్కలమాస్టారు
చాలా మటుకు. గ్యాస్ కూడా చోటు తింటుంది కదా. మీథేన్ పూర్తిగా మండడానికి కావలసిన మిశ్రమంలో గ్యాసే 9.5 శాతం చోటు ఆక్రమిస్తుంది, ఆ మేరకు గాలి తగ్గుతుంది. హైడ్రోజన్‌ని మానిఫోల్డ్‌లోకి వదిలితే దాదాపు 30 శాతం. పెట్రోల్ ఆవిరి చోటు తినేది 2 శాతం లోపే, పైగా ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది.

సబ్బునీళ్లు
ఇంజన్లు బాగానే ఉన్నాయి గానీ గాలిమర గ్రైండర్ ఇంకా ఆగే ఉంది. తమ్ముడూ, నాలుగు పరీక్షలు చెయ్.

ట్యాంకు నింపి మోటారు ఆపు. ముల్లు పడుతుందా చూడు. పది నిమిషాలు కొంచెం దిగి ఆగిపోతే అది వేడి గాలి చల్లారడం, లీకు కాదు. ఆగకుండా దిగుతూనే ఉంటే లీకు, సబ్బునీళ్లు పట్టు.

తర్వాత ఫిల్టర్లు రెండూ తీసేసి నడుపు. టైం మెరుగుపడితే ఫిల్టరే దోషి. అది ఊరికే గాలి ఆపడమే కాదు, సిలిండరు ముందు ఒత్తిడిని 0.1 బార్ తగ్గించిందంటే అటు లోపలికొచ్చే గాలి పలచనవుతుంది, ఇటు ఒత్తిడి నిష్పత్తి పెరుగుతుంది. రెండు వైపులా వాత.

అలాగే నడుస్తుండగా ఇన్‌లెట్ కన్నం ముందు అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టు. లోపలికి లాగుతూ ఉండాలి. అరచేతికి ఎదురు గాలి ఉఫ్ ఉఫ్ అని తగిలితే ఇన్‌లెట్ రీడ్ (వాల్వులో తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు) మూసుకోవడం లేదు.

చివరిది, క్రాంక్‌కేస్ బ్రీదర్ (పిస్టన్ల కింద నూనె ఉండే పెట్టెకి గాలి వదిలే కన్నం) దగ్గర గాలి గట్టిగా కొడుతుందా? అయితే రింగులు. బెల్టు దగ్గర జాగ్రత్త, గార్డు తియ్యకు.

గాలిమర_7
చేశాను.
ముల్లు 8 నుంచి 7.8కి వచ్చి ఆగిపోయింది. గంట తర్వాత కూడా 7.8.
ఫిల్టర్లు తీస్తే తేడా లేదు.
బ్రీదర్ ప్రశాంతం.
ఇన్‌లెట్ దగ్గర మాత్రం దొరికింది. ఎడమ సిలిండరు చక్కగా లాగుతోంది. కుడిదాని దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి ఎదురు కొడుతోంది, అరచేతి మీద సన్నటి నూనె తుంపర కూడా పడింది. ఆ సిలిండరు హెడ్ రెండోదాని కంటే వేడిగా ఉంది.

రెంచిరాణి
అదిగో మీ చిల్లి కుండ. ఇది తిరిగిరాని పని. వేడెక్కువ ఉండటం కూడా అందుకే, ఒకే గాలిని లోపలికీ బయటికీ నలుపుతోంది. కరెంటు తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి, చల్లారాక హెడ్ విప్పు. గ్యాస్కెట్లు (హెడ్ కింద గాలి కారకుండా పెట్టే అట్టలు) ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టు.

గాలిమర_7
"ఎన్ని" ఏంటక్కా, ఒకటే కదా ఉండేది?

రెంచిరాణి
విప్పు.

గాలిమర_7
రెండున్నాయి 🤦 పాతది గీకకుండా దాని మీదే గ్యాస్కెట్ జిగురు పూసి కొత్తది పెట్టేశారు. రెండు సిలిండర్లకీ అంతే. ఒక్కోటి 1.2 మిల్లీమీటర్ల మందం. కుడి ఇన్‌లెట్ రీడ్ కింద బియ్యపు గింజంత నల్లటి మసి పెచ్చు ఇరుక్కుని ఉంది, రీడ్ ఆ చోట వంగిపోయింది. వెలుతురుకి పెట్టి చూస్తే సందులోంచి కాంతి కనిపిస్తోంది.

లెక్కలమాస్టారు
65 బోరు మీద 1.2 మిల్లీమీటర్లు అంటే 4 సీసీ. 152.6లో అది 2.6 శాతం. క్లియరెన్స్ 5 అనుకుంటే 7.6 అయింది, వీఈ 80 నుంచి 70కి దిగింది. మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న అట్టముక్క పది శాతం గాలి తినేసింది. మిగతా పాపం రీడ్‌ది.

పదోనంబర్_పానా
ఒక్క గ్యాస్కెట్‌తో బిగించే ముందు పిస్టన్ మీద టంకం తీగ ముక్క పెట్టి, చేత్తో పుల్లీ ఒక చుట్టు తిప్పు. మళ్లీ విప్పి నలిగిన తీగ మందం కొలువు. కనీస ఖాళీ ఉందని తెలిశాకే మోటారు పెట్టు. ఎవడో రెండు వేశాడంటే పిస్టన్ తగులుతోందని వేసి ఉండొచ్చు కూడా.

గాలిమర_7
మంచి మాట అన్నా. తీగ పెట్టాను, 0.7 మిల్లీమీటర్లు వచ్చింది. రెండు సిలిండర్లూ దాదాపు అంతే. మాన్యువల్లో కనీసం 0.5 అని ఉంది.

గాలిమర_7
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. కొత్త రీడ్‌లు వేశాను, సీటు గ్రైండింగ్ పేస్టుతో అద్దంలా రుద్దాను, ఒక్కటే గ్యాస్కెట్, కొత్త బెల్టు. హైడ్రో టెస్ట్ కూడా చేయించాను, ట్యాంకు పాసైంది. ఇప్పుడు 940 ఆర్పీఎం. నీళ్లు లేని ట్యాంకు, 6 నుంచి 8కి 1 నిమిషం 38 సెకన్లు.

లెక్కలమాస్టారు
నిమిషానికి 193 లీటర్లు. ఊడ్చేది 287. 67 శాతం. ఈ మెషీన్‌కి ఇంతకంటే అడగకూడదు.

గాలిమర_7
గ్రైండర్ అరగంట నడిపాను. ముల్లు 6 దగ్గర నిలబడింది. కానీ మోటారు దాదాపు ఆగడమే లేదు.

సబ్బునీళ్లు
193 ఇచ్చేదానితో 180 తాగిస్తే ఎక్కడ ఆగుతుంది? ఇలాంటి గాలితో చల్లారే చిన్న పిస్టన్ పంపులకి మధ్యమధ్యలో విశ్రాంతి ఉండాలి, లేకపోతే హెడ్ కాగి, నూనె మాడి మళ్లీ అదే మసి రీడ్ మీదికి వస్తుంది. పది నిమిషాలు గ్రైండ్ చేసి పది నిమిషాలు వేరే పని చూసుకో. కటాఫ్ (మోటారు ఆగే ఒత్తిడి) 8 నుంచి 7కి దించు, అంత పైకి నొక్కి మళ్లీ రెగ్యులేటర్‌లో 6కి దించుకోవడం ఎందుకు? తక్కువ నిష్పత్తిలో వీఈ కూడా కొంచెం పెరుగుతుంది.

గాలిమర_7
సరే, 7కి దించుతా. ఒక్క చివరి డౌటు: హెడ్ బోల్టులు ఒకసారి వేడెక్కాక మళ్లీ టార్క్ చెయ్యాలా?

పదోనంబర్_పానా
చెయ్యాలి. పూర్తిగా చల్లారాక, మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా. డ్రెయిన్ కాక్ ఎక్కడుందో గుర్తుందిగా?